ఎరుపులో కాలువ వాటా

2023 చివర్లో, కాలువల్లో నీళ్లు పారుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. మా ఆఫీసు అప్పుడూ ఇప్పుడూ విజయవాడ గవర్నర్‌పేటలోనే. కింద హోల్‌సేల్ బట్టల కొట్లు, ఎదురుగా లాడ్జి, పైన రెండో అంతస్తులో మేము. నేను చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ అంతుపట్టదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మా అమ్మ "గవర్నమెంటుకి లెక్కలు కట్టిపెడుతుంది" అని తేల్చేస్తుంది. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే మేం కట్టేవి జీతాల లెక్కలూ పన్నుల లెక్కలూ కావు. ఒక ప్రాంతంలో అడవి ఎంత ఉంది, చిత్తడి నేల ఎంత ఉంది, కాలువలు ఎలా ఉన్నాయి, వాటివల్ల మనుషులకి అందుతున్నదేమిటి అన్న లెక్కలు. దీన్ని నేచురల్ క్యాపిటల్ అకౌంటింగ్ అంటారు. రోడ్లూ ఫ్యాక్టరీలూ దేశానికి ఆస్తులైతే నదులూ మడ అడవులూ కూడా ఆస్తులే, ఆస్తి అన్నాక అది తరిగిపోతోందో నిలబడుతోందో చూసుకుంటూ ఉండాలి అన్నది దీని వెనకున్న ఆలోచన.

ఈ పనిలో మొదట ఎక్స్‌టెంట్ అకౌంట్ వేస్తాం, అంటే ఉన్నది ఎంత మేర ఉందన్నది. తర్వాత కండిషన్ అకౌంట్, అది ఎంత ఆరోగ్యంగా ఉందన్నది. ఈ రెండూ ఉపగ్రహ చిత్రాలతోనూ మీటర్లతోనూ చాలావరకు తేలిపోతాయి. మూడోది ఎకోసిస్టమ్ సర్వీసెస్, అంటే ఆ నీటివల్లా నేలవల్లా చెట్లవల్లా మనకి జరుగుతున్న మేలు. దానికి మాత్రం ఇళ్లకి వెళ్లి మనుషులతో మాట్లాడాల్సిందే. నాకు ఇష్టమైన భాగం అదే. కష్టమైనదీ అదే.

ఆ ఏడు మాకు అప్పగించినవాటిలో పెడన దాటాక ఓ చిన్న ఊరి మధ్యనుంచి పోయే పంట కాలువ ఒకటి ఉంది. ఊళ్లో దారి బాగా ఇరుకు. ఎదురెదురుగా స్కూలు బస్సూ ట్రాక్టరూ వస్తే రెండింట్లో ఏదో ఒకటి వెనక్కి పోవాలి. అందుకని ఊరున్నంత మేర కాలువకి పైపులు వేసి, పైన మూసేసి, దానిమీద రోడ్డు వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. అడిగినవాళ్లది తప్పని నేననను. అయితే మూసేముందు ఆ కాలువ ముక్క ఎవరికి ఏమిస్తోందో లెక్కకట్టి చెప్పమన్నారు. పొలాలకి పైపుల్లో కూడా నీళ్లు పోతాయి కాబట్టి రైతులకి పెద్ద తేడా లేదు. తేడా అంతా అద్దకం వాళ్లకే.

ఆ ఊళ్లో కలంకారీ అద్దకం షెడ్లు కొన్ని ఉన్నాయి. అన్నీ కాలువ గట్టుమీదే. ఎందుకో చెప్పాలంటే ఎరుపు ఎలా వస్తుందో కొంచెం చెప్పాలి. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన బట్టమీద చెక్క అచ్చులతో పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి బట్టమీద ఎరుపేమీ కనిపించదు. ఆ బట్టని పారే నీళ్లలో జాడించి, ఎక్కువైన పటికని వదిలించి, తర్వాత రాగి గంగాళంలో రంగుతో కలిపి ఉడికిస్తారు. పటిక నిలిచినచోట ఎరుపెక్కుతుంది. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక మళ్లీ బట్టకే అంటుకుని, తెల్లగా ఉండాల్సిన చోటంతా గులాబీ మరకలు తేలతాయి. జాడింపు ఎక్కువైతే ఉండాల్సిన పటిక కూడా పోయి పువ్వు వెలవెలబోతుంది. ఆ పారే నీళ్లే మా భాషలో కాలువ చేసే సర్వీసు.

ఓ పొద్దున బయల్దేరాం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి బందరు రోడ్డెక్కితే ఊపిరాడుతుంది. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు దారంతా ఆక్రమించాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే తియ్యటి మడ్డి వాసన కారులోకి కూడా వచ్చేసింది. ఆ ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. మొదట వెళ్లింది కోటేశ్వరరావు గారి షెడ్డుకి. ఊళ్లో అందరికంటే పాతది ఆయనదే అన్నారు.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. వేళ్ల సందుల్లో నల్లరంగు దిగిపోయి ఉంది. షెడ్డులో పొడుగాటి బల్లలు సగం ఖాళీగా ఉన్నాయి.

"కూచోండి మేడం గారూ. కాఫీ తాగుతారు కదా? నేనే పెడతాను. ఎలా ఉన్నా తాగెయ్యాలి మరి" అన్నారు.

"మీ కాలువ గురించి మాట్లాడదామని వచ్చామండీ" అన్నాను.

"ఇంకెక్కడి కాలువండీ? అది పోయి రెండేళ్లయింది."

నేను కిటికీలోంచి చూశాను. గట్టు అంచుదాకా నిండుగా పారుతోంది.

"పారుతోంది కదండీ?"

"పారితే సరిపోద్దాండీ? అందులో జీవం లేదు. ఎరుపు ఎత్తుకోవట్లేదు. మా నాన్నగారి కాలం నించీ ఈ రేవులోనే జాడించాం. మా ఎరుపు చూసి బొంబాయి నించి వచ్చేవోళ్లు. ఇప్పుడు చూడండి" అంటూ ఒక దుప్పటి తీసి నా ముందు పరిచారు. తీగలు బాగానే ఉన్నాయి. పువ్వులు మాత్రం ఇటుక పొడి చల్లినట్టు మసకగా, చుట్టూ గులాబీ జీరతో ఉన్నాయి. "పైన చెరువులు తవ్వుతున్నారు కదండీ రొయ్యలకి. ఆ ఉప్పంతా దీంట్లోకే. నీళ్లు చచ్చిపోయాయండీ."

ఆయన చెప్పింది నమ్మదగ్గ మాటే. డెల్టాలో ఉప్పు బాధ నిజంగానే ఉంది. చాలాచోట్ల మేం కొలిచి చూశాం. నేను అన్నీ అడిగి రాసుకున్నాను. ఇందులో మేం వాడే పద్ధతిని రిసోర్స్ రెంట్ అంటారు. సరుకు అమ్మితే వచ్చినదాంట్లోంచి బట్ట ఖరీదు, రంగుల ఖరీదు, కూలి, పనిముట్ల అరుగుదల, యజమానికి రావాల్సినది, అన్నీ తీసేస్తాం. ఇంకా ఏమైనా మిగిలితే అది ప్రకృతి ఇచ్చిందని అర్థం.

"అచ్చులేసేవాళ్లెంతమంది? ఉడకబెట్టేవాళ్లు?" అని అడుగుతూ వచ్చి, "జాడించేవాళ్లకి ఏమిచ్చేవారు?" అన్నాను.

"ఇప్పుడైతే కూలోళ్లండీ, వాళ్లు రానినాడు నేనే. ఇంతకుముందు ఎవరికీ ఏమీ ఇచ్చేది లేదు. అది ఇంట్లో పనే కదా" అన్నారు.

నేను అక్కడ సున్నా వేసుకుని ముందుకి పోయాను. ఫారాల్లో అలాగే వేస్తారు.

గవర్నర్‌పేటకి వచ్చి ముందు ఆ ఒక్క షెడ్డుకే లెక్క కడితే విచిత్రంగా తేలింది. పాత సంవత్సరాల్లో కాలువ వాటా మేం ఊహించనంత పెద్దది. రెండేళ్ల కిందట అది ఒక్కసారి కూలిపోయి దాదాపు ఏమీ లేకుండా పోయింది. గ్రాఫు గీస్తే గోడమీంచి దూకినట్టుంది. మా పైఅధికారి మూర్తి గారు ఆ గ్రాఫు చూసి సంబరపడ్డారు.

"ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి సుధా? నీళ్లు పాడైతే జీవనం ఎలా పడిపోతుందో బొమ్మ కట్టినట్టుంది. రిపోర్టు అట్టమీద వేద్దాం."

"నీళ్ల రీడింగులు అలా లేవండీ" అన్నాను.

నిజంగానే లేవు. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కండక్టివిటీ మీటరు పట్టుకుని రేవులోనూ, దానికి ఎగువనా దిగువనా చూశాం. శాంపిళ్లు ల్యాబుకి పంపించాం. వేసవిలో కాలువకి నీళ్లు ఆపేశాక పరిస్థితి వేరు కావచ్చేమో కానీ, నీళ్లు పారే కాలంలో ఆ కాలువ మంచి కాలువే. కండిషన్ బాగుంది, సర్వీసు చచ్చిపోయింది అని ఒకే కాగితంమీద రాయడం ఎలా?

ఈలోగా ఇంకో సంగతి తెలిసింది. కాలువ మూసేద్దామనే వాళ్లు ఊళ్లో కోటేశ్వరరావు గారి మాటనే చూపిస్తున్నారు. "అద్దకంలో తలపండినాయనే నీళ్లు పనికిరావని చెబుతుంటే ఇంకా ఎవరికోసం ఉంచాలి?" అని. ఆయన ఆ ఉద్దేశంతో అనలేదు. ఎవరు పలకరించినా అదే మాట చెబుతూ వచ్చారు, అంతే. చెప్పగా చెప్పగా అది ఊరి అభిప్రాయమైపోయింది. ఊళ్లో అందరితో పెట్టబోయే మీటింగు దగ్గరపడుతోంది.

మళ్లీ వెళ్లాను. ఈసారి పక్క షెడ్డుకి. అది నాంచారమ్మ గారిది. ఆవిడా ఆవిడ భర్తా కలిసి నడుపుతారు. ఆరేసిన బట్టల దగ్గరికి వెళ్లి చూశాను. దానిమ్మ గింజ ఎలా ఉంటుందో అలా ఉంది ఎరుపు. తెలుపు తెల్లగా ఉంది.

"ఇది ఎక్కడ జాడించారమ్మా?"

"ఎక్కడేంటండీ, ఇదే రేవు. అదుగో, ఆయన మెట్లకి ఇవతల."

"మరి కోటేశ్వరరావు గారు నీళ్లు పోయాయంటున్నారు?"

ఆవిడ తడి చేతులు చీర కుచ్చెళ్లకి తుడుచుకుంది. గొంతు తగ్గించి, "బాబాయి గారిని ఏమీ అనమాకండి. ఆయన్ని మేం ఎవరం కాదనం" అంది. ఇంకేమడిగినా కాఫీ తెస్తానని లోపలికి పోయింది.

నేను నేరుగా కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లాను. రీడింగులు చూపించాను. ఆయన వాటిని పక్కకి తోసేశారు.

"మీ మిషన్లకేం తెలుస్తుందండీ? నాంచారమ్మ బట్ట వేరు, కరక్కాయ వేరు. అందుకని దానికి వస్తోంది."

"అయితే ఒక పని చేద్దామండీ. బట్ట మీదే, కరక్కాయ మీదే. మీరే అచ్చెయ్యండి. సగానికి చింపుదాం. ఒక ముక్క మీరు జాడించండి, ఒకటి ఆవిడ జాడిస్తుంది. రెండూ మీ గంగాళంలోనే ఉడకబెడదాం. అప్పుడు కూడా రెండూ మసకగానే వస్తే నీళ్లదే తప్పని నేను రాస్తాను."

ఆయన కళ్లు వెలిగాయి. గెలుస్తానన్న నమ్మకంతో ఒప్పుకున్నారు. చక్కగా పువ్వూ తీగా ఉన్న అచ్చు వెతికి తెచ్చి, ఎక్కడా జాయింటు కనిపించకుండా వేశారు. ఆయన చేతిపని మీద నాకు ఏ అనుమానమూ లేదు. పటిక పట్టడానికి బట్టని కొన్నాళ్లు అలా ఉంచాలి. ఉంచాక మళ్లీ వెళ్లాను.

ఆ పొద్దున చలిగా ఉంది. నాంచారమ్మ నడుం లోతు నీళ్లలోకి దిగి బట్టని ప్రవాహానికి అడ్డంగా వదిలి, తిప్పి, మళ్లీ వదిలింది. కోటేశ్వరరావు గారు పంచె ఎగగట్టి పక్క మెట్టు దిగారు. నీళ్లు మోకాలికి తగలగానే ఆగిపోయారు. బట్టని ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. అది ప్రవాహంలో మెలిపడి తాడులా అయింది. విప్పబోతే ఇంకో పక్క మెలిపడింది. నాంచారమ్మ చూసి, ఒక అడుగు అటు వేయబోయి, ఆగి, తల తిప్పుకుంది.

గంగాళంలోంచి రెండు ముక్కలూ తీసి పక్కపక్కన ఆరేశారు. ఎవరైనా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఒకే అచ్చు, ఒకే బట్ట, ఒకే నీళ్లు. ఒకటి దానిమ్మ గింజ, ఒకటి ఇటుక పొడి.

నాంచారమ్మ మెల్లగా తన షెడ్డు వైపు వెళ్లిపోయింది. ఆయన రేవు మెట్టుమీద కూర్చున్నారు. నేను పక్కనే కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"రాజ్యం ఉన్నన్నాళ్లూ నేను ఈ నీళ్లలో దిగలేదండీ."

రాజ్యలక్ష్మి ఆయన భార్య. ఆ పేరు నేను వినడం అదే మొదలు.

"తను అక్కడ, ఆ లోతులో నిలబడేది. నేను ఇక్కడ కూచుని పేపరు చదివి వినిపించేవాణ్ణి. అన్నీ చదవాలి. ధరలు, సినిమాలు, ఎవరో పోయినవాళ్ల ఫోటోలు. మధ్యలో 'ఆగు' అనేది. ఆగేవాణ్ణి. బట్ట తీసి గట్టుమీద పడేసి 'ఊఁ, చదువు' అనేది. ఆ 'ఆగు' అన్నప్పుడు ఏం చూసేదో నేను అడగలేదండీ. పెళ్లయిన కొత్తల్లో అడగొచ్చు. తర్వాత ఎవరడుగుతారు?"

"ఎప్పుడు పోయారండీ?"

"రెండేళ్లయింది. వేసవిలో, కాలువకి నీళ్లు కట్టేసిన రోజుల్లో. జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఇంకేం లేదు. మళ్లీ నీళ్లొదిలాక మొదట వేసిన సరుకే ఇట్టా వచ్చింది. కాలువ ఎండి, మళ్లీ నీళ్లొచ్చాక మారింది కదా, నీళ్లే అనుకున్నాను." ఆయన తడిసిన పంచె కొస పిండారు. "అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో. నీళ్లు పాడయ్యాయంటే ఎప్పటికైనా బాగవుతాయి కదండీ. ఎవరో ఒకరు చెరువులు ఆపుతారు, మంచి నీళ్లు వదుల్తారు, మళ్లీ ఆ ఎరుపు వస్తది. అది ఒకటి ఉండేది."

నేను ఆ ముక్కల్ని చూడలేక కాలువ వైపు చూశాను. లోకంలో ఉన్న బాధల్లో బాగుచేయగలిగిన బాధ మనకి వస్తే బాగుండునని అందరం కోరుకుంటాం. ఆయన తనకి వచ్చినదాన్ని అలా మార్చుకున్నారు. రెండేళ్లు దాన్ని పట్టుకుని బతికారు. దాన్ని లాగేసిన మనిషిని నేను. చేసిన పని సరైనదే అని తెలిసినా ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఫైలు తెరవబుద్ధి కాలేదు.

ఆఫీసులో ఫారం తీశాను. జాడించేవాళ్ల దగ్గర వేసిన సున్నాని చాలాసేపు చూశాను. గ్రాఫులో గోడ ఎలా వచ్చిందో అర్థమైంది. పాత సంవత్సరాల్లో అన్నీ తీసేశాక మిగిలినదాన్ని ప్రకృతి ఇచ్చిందన్నాం. అందులో పెద్ద భాగం రాజ్యం గారిది. ఆవిడ నడుం లోతు నీళ్లలో నిలబడి చేసిన పనంతటినీ మేం కాలువ పేరు మీద రాసేశాం. ఆవిడ పోయినప్పుడు కాలువ పోయిందని రాయబోయాం.

ఊళ్లో మిగతా షెడ్లన్నిటికీ కూడా వెళ్లి, ఇంటివాళ్లు చేసే జాడింపుకి కూడా కూలి వేసి లెక్క తిరగరాశాను. కాలువ వాటా బాగా తగ్గింది. మూర్తి గారి ఉత్సాహం కూడా తగ్గింది.

"ఇలా తీసుకుంటూ పోతే కాలువకి ఏం మిగులుతుంది? మీటింగులో ఈ చిన్న అంకె పెడితే మూసేద్దామనేవాళ్లు నవ్వుతారు."

"పెద్ద అంకె పెడితే ఎవరో ఒకరు విప్పి చూస్తారండీ. అప్పుడు ఇంకా నవ్వుతారు. ఇది చిన్నదే. కానీ మీటరు రీడింగులూ, ఆ రెండు బట్ట ముక్కలూ రుజువుగా ఉన్నాయి, కింద పడదు" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ, "సరే, నువ్వే మాట్లాడు" అన్నారు.

మీటింగు ఆ ఊరి స్కూల్లో పెట్టారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. నేను కాలువ గురించి చెప్పడం మొదలుపెట్టానో లేదో, రోడ్డు కావాలన్న పెద్దమనిషి ఒకాయన లేచారు.

"మేడం గారూ, మీ మీటర్లు సరే. మా కోటేశ్వరరావే చెబుతున్నాడు, ఆ నీళ్లు అద్దకానికి పనికిరావని. ఆయన కంటే మీకు తెలుసా?"

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన ఆఖరి బెంచీలో ఉన్నారు. నేను ఆయన గురించి ఏమీ చెప్పదలచుకోలేదు. ఆ గట్టుమీద విన్నది నా రిపోర్టుకి సంబంధించినదే అయినా, ఆ స్కూల్లో చెప్పే హక్కు నాది కాదు. రీడింగుల కాగితం తీసుకుని ఏదో అనబోతుంటే ఆయనే లేచి నిలబడ్డారు. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు.

"నేను తప్పు చెప్పానండీ" అన్నారు.

ఆ పెద్దమనిషి వైపు తిరిగారు.

"నీళ్లకేం కాలేదు. మన కాలువ బాగానే ఉంది. మా..." అని ఆగారు. "మా ఇంటావిడ లేదు కదా. తను జాడించేది. నాకు చేతకాక నీళ్లమీద పెట్టాను. అంతే. దీన్ని మూస్తే నాంచారమ్మావాళ్లూ మిగతావాళ్లూ ఎక్కడ దిగుతారు? నా మాట చూపించి మూయమాకండి."

కూర్చున్నారు. పక్కనున్న ముసలాయన ఆయన తొడమీద చెయ్యి వేశారు. రెండేళ్లుగా ఆ ఊళ్లో ఆయన నోట 'మా ఇంటావిడ లేదు' అన్న మాట ఎవరూ వినలేదని తర్వాత నాంచారమ్మ చెప్పింది. కర్మకాండల రోజున కూడా ఆయన సరుకు గురించే మాట్లాడారట.

రోడ్డు కావాలన్న పెద్దమనిషి కూడా కూర్చున్నారు. ఆయనకీ ఇంట్లో మనిషి ఉంది కదా. రేవులున్నంత మేర కాలువని అలాగే ఉంచి, దానికి దిగువన మాత్రం దారి వెడల్పు చేసే మార్గం చూడమని ఆ రోజు రాసుకున్నారు. అది పూర్తిగా తేలడానికి ఇంకా చాలా ఫైళ్లు నడిచాయి. ప్రస్తుతానికి రేవులు ఉన్నాయి. స్కూలు బస్సు ఇప్పటికీ అక్కడ వెనక్కి పోతోంది. అది కూడా నేను రిపోర్టులో రాశాను.

బయటికి వస్తుంటే కోటేశ్వరరావు గారు కారు దాకా వచ్చారు.

"మీ లెక్కలో రాజ్యం పేరు ఉంటదాండీ?"

"పేర్లు ఉండవండీ. కుటుంబ సభ్యుల శ్రమ అని ఒక గడి ఉంటుంది. అందులో ఉంటారు."

"ఇంతకుముందు అది కూడా లేదన్నమాట."

"లేదండీ."

"అయితే సరే" అన్నారు.

ఈ పని మొదలుపెట్టినప్పుడు, మనుషులు ప్రకృతిని లెక్కచేయడం లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తేవడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ ప్రకృతి ఇచ్చిందని మేం రాసేదాంట్లో ఎవరో ఒకరు నిలబడి ఉండవచ్చునని ఆ కాలువ దగ్గర తెలిసింది. నీళ్లు తెచ్చేవాళ్లు, పుల్లలు ఏరేవాళ్లు, గట్టుమీద పీతలు ఏరేవాళ్లు. 'ఇంట్లో పనే కదా' అని ఎవరైనా అంటే ఇప్పుడు నేను పెన్ను ఆపి, ఆ ఇంట్లో మనిషి ఎవరో, ఏం చేసేదో మొదటినుంచీ చెప్పమని అడుగుతాను. దానివల్ల ఇంటర్వ్యూలు పొడుగవుతాయి. కొన్నిసార్లు అడిగినందుకు వాళ్లు ఏడుస్తారు. కాఫీ చల్లారిపోతుంది. లెక్క మాత్రం బాగుపడుతుంది.

కిందటి మాఘంలో బందరు వెళ్తూ ఆ ఊళ్లో ఆగాను. కోటేశ్వరరావు గారు నడుం లోతు నీళ్లలో ఉన్నారు. బట్ట మెలిపడకుండా వదులుతున్నారు. నన్ను చూసి గట్టెక్కి వచ్చారు. నాంచారమ్మ దగ్గర నేర్చుకున్నానని, ఆ పిల్ల తిట్టినన్ని తిట్లు రాజ్యం కూడా తిట్టలేదని చెప్పి నవ్వారు. ఆరేసిన దుప్పట్లు చూపించారు. ఎరుపు బాగుంది. బొంబాయి వాళ్లు మళ్లీ రావచ్చునన్నట్టే ఉంది.

"వచ్చేసింది కదండీ!" అన్నాను.

"వచ్చిందండీ. తనది మాత్రం కాదు. మీకు తెలీదు గానీ నాకు తెలుస్తది. ఇంకో రవ్వంత తేడా ఉంది." ఒక దుప్పటి అంచు చేత్తో పట్టుకుని ఎండకెదురుగా చూశారు. "నాంచారమ్మ అంటది, బాబాయ్, ఇంకో నాలుగు నెలలు చెయ్యి, అది కూడా వచ్చేస్తదీ అని. అది ఎట్టాగో నేనే అడగటం మానేశానండీ. ఆ కాస్తా వచ్చేస్తే ఇంక తనది నా దగ్గర ఏముంటది?"